పూత మందంతో మొదలయ్యే లెక్క: 1/25 బెల్ ఎయిర్ కారు నమూనా పునర్నిర్మాణం

ఈ కేసులోని వస్తువు 1957 షెవర్లే బెల్ ఎయిర్ కారుకు 1/25 స్కేలులో వచ్చిన ప్లాస్టిక్ కిట్. దాన్ని కట్టడం మొదలుపెట్టిన వ్యక్తి ఇంజన్, ఛాసిస్ అతికించి, బాడీకి కుంచెతో తెల్ల ఎనామెల్ రంగు వేసి, ఆ తర్వాత బానెట్ మూతపడక, బాడీ ఛాసిస్ మీద కూర్చోక, వేసిన తెలుపు రోజురోజుకూ గులాబీ ఛాయకు తిరుగుతుండటంతో పని ఆపేశారు. ఆ స్థితిలో అది మరొకరి చేతికి, అక్కడి నుంచి బాగుచేత కోసం నా దగ్గరికి వచ్చింది. కొత్త యజమాని కోరిక స్పష్టంగానే ఉంది. పైకప్పు ఇండియా ఐవరీ, కింది బాడీ లార్క్‌స్పర్ బ్లూ రంగుల్లో ఉండాలి. ఇవి రెండూ ఆ ఏడాది షెవర్లే రంగుల పట్టికలో ఉన్నవే. బానెట్ తెరుచుకోవాలి, మూసినప్పుడు చుట్టూ సమానమైన సన్నని గీత మాత్రమే కనిపించాలి. భాగాలు వీలైనంతవరకు ఆ పెట్టెలోనివే కావాలి.

వచ్చిన స్థితి

బాడీ ఎరుపు ప్లాస్టిక్‌లో పోసినది. ఒకే ముక్కగా వచ్చే కారు బాడీని పోయడానికి అచ్చు పైనుంచి, ముందువెనకల నుంచి, రెండు పక్కల నుంచి జరిగి వచ్చే పలకలతో మూసుకోవలసి ఉంటుంది కాబట్టి, ఆ పలకలు కలిసిన చోటల్లా, అంటే ఫెండర్ల పై అంచుల వెంట, పైకప్పును మోసే వెనక స్తంభాల మీద, సన్నని గట్టులాంటి గీతలు మిగులుతాయి. వాటిని తీయకుండానే రంగు వేశారు. విండ్‌షీల్డ్ లోపలివైపు సైనోఅక్రిలేట్ జిగురు (సూపర్ గ్లూ) ఆవిరి పేరుకుని తెల్లబారింది. ముందు బంపరును క్రోమ్ పూత మీదే ప్లాస్టిక్ సిమెంట్ పెట్టి నిలపడం వల్ల వేలు తగలగానే ఊడి వచ్చింది. ఆ సిమెంట్ ప్లాస్టిక్‌ను కరిగించి కలుపుతుందే తప్ప పైనున్న లోహపు పొరను పట్టుకోలేదు.

ఛాసిస్, ఇంజన్ల అతుకులు మాత్రం నీటుగా ఉన్నాయి. కొలతలు కూడా సరిపోయాయి. అసలు కారు చక్రాల ఇరుసుల మధ్య దూరం 115 అంగుళాలు, అంటే 2,921 మి.మీ.; 1/25లో అది సుమారు 116.8 మి.మీ. రావాలి, వచ్చింది. ఇరుసులు వంకరపోలేదని దీనివల్ల తేలింది కనుక ఛాసిస్‌ను విప్పే ఆలోచన అక్కడితో మానుకున్నాను. పాడైనదంతా బాడీ, దానికి అంటుకున్న సామగ్రి మాత్రమే.

మందం లెక్క

పాత రంగు పెచ్చు ఒకటి ఊడినప్పుడు దాన్ని మైక్రోమీటరుతో కొలిచాను. సుమారు 0.22 మి.మీ. ఉంది. చూడటానికి ఇది పెద్ద సంఖ్య కాదు. కానీ దాన్ని 25తో హెచ్చిస్తే 5.5 మి.మీ. అవుతుంది, అసలు కారుకు అంత మందాన రంగు పూసి ఉంటే దాన్ని ఎవరూ రంగు అనరు, గోడకు చేసిన పూత అంటారు. నిజమైన కారు మీద ఫ్యాక్టరీ రంగు మొత్తం మందం దాదాపు 0.1 మి.మీ. ఉంటుంది. దాన్ని 1/25కు తగ్గిస్తే 0.004 మి.మీ. రావాలి, అంటే మనిషి తలవెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు. ఎంత చేయితిరిగినవారైనా ఎయిర్‌బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగును పిచికారీ చేసే చిన్న పరికరం) ప్రైమరు, రంగు కలిపి అంత పలచగా వేయలేరు. కనుక స్కేలు ప్రకారం సరైన మందం అన్నది కారు నమూనాలో దొరకని వస్తువు. ఉన్నంతలో ఎంత తగ్గించగలం, ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ పెరిగినా ఫర్వాలేదు అన్నదే నిర్ణయించవలసినది. ఈ కేసు మొత్తంలో నేను తీసుకున్న ప్రతి నిర్ణయం ఈ లెక్క నుంచే వచ్చింది.

బానెట్ ఎందుకు మూతపడలేదో కూడా ఇదే చెబుతుంది. రంగు తీసేశాక బానెట్‌ను దాని చోట పెట్టి, సన్నని ప్లాస్టిక్ పట్టీలను సందులో దూర్చి చూస్తే ఒక్కో పక్క సుమారు 0.35 మి.మీ. ఖాళీ ఉంది. బానెట్ అంచు మీద 0.22, దానికి ఎదురుగా ఫెండర్ అంచు మీద 0.22; రెండూ కలిస్తే 0.44. ఉన్న సందుకన్నా పూత ఎక్కువ. అందులో కిట్ తప్పేమీ లేదు. అదే సందులో ఒక్కో అంచుకు 0.08 మి.మీ. మాత్రమే పూత పడితే 0.19 మి.మీ. మిగులుతుంది. దాన్ని 25తో హెచ్చిస్తే సుమారు 4.75 మి.మీ.; నిజమైన కారు బానెట్ పక్కన ఉండే సందు కూడా దాదాపు అంతే. అంటే 0.08 మి.మీ. లక్ష్యాన్ని అందుకుంటే బానెట్ మూతపడటమే కాదు, గీత కూడా స్కేలుకు సరిపోతుంది.

ఇక్కడ రెండో దారి ఒకటి ఉంది, చాలామంది దాన్నే ఎంచుకుంటారు: బానెట్ అంచులను ఆకురాయితో అరగదీసి, రంగుకు ముందే సందును పెద్దది చేయడం. దాన్ని పరిశీలించి వదిలేశాను. ఈ కారు బానెట్ ముందు మూలలు వంపు తిరిగి ఉంటాయి. వంపును చేత్తో సమానంగా అరగదీయడం కష్టం, ఎక్కువ పోతే తిరిగి నింపడం ఇంకా కష్టం. పైగా అరగదీసిన సందు రంగు పలచబడిన చోట వెడల్పుగా తెరుచుకుని కనిపిస్తుంది. పూతను తగ్గించగలిగినప్పుడు ప్లాస్టిక్‌ను తగ్గించకూడదన్నది నా అభిప్రాయం.

అయితే ఈ మందం బడ్జెట్‌ను, అంటే పూతకు పెట్టుకున్న 0.08 మి.మీ. పరిమితిని, ఎదురు దిశలో లాగే విషయం ఒకటుంది. ఎరుపు ప్లాస్టిక్ మీద లేత రంగు నిలవాలంటే అడుగున అదనపు పొర కావాలి. బానెట్ తక్కువ పొరలు అడుగుతోంది, ఎరుపు ఎక్కువ పొరలు అడుగుతోంది. ఈ కేసులోని అసలు చిక్కు ఇదే.

పాత రంగు తీయడం

బాడీని, బానెట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి మెత్తని టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలా భాగం వదిలింది. గాడుల్లో మొండికేసిన ఎనామెల్‌కు కాస్టిక్ సోడా ఆధారిత క్లీనర్ వాడాను. దానికి చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. ఈ రెండూ పాలీస్టైరీన్ జోలికి పోవు. అసిటోన్, లాకర్ (ద్రావకం ఆవిరై త్వరగా ఆరే రంగు) థిన్నర్ మాత్రం రంగుతోపాటు ప్లాస్టిక్‌నూ కరిగిస్తాయి కాబట్టి వాటిని ఈ దశలో దరిచేరనీయకూడదు. సైనోఅక్రిలేట్‌తో అతికించిన డాష్‌బోర్డును, వెనక అద్దాన్ని ఫ్రీజర్‌లో ఉంచి తీసి మెల్లగా వంచితే విడిపోయాయి, ఎందుకంటే ఆ జిగురు చలికి పెళుసుబారుతుంది. ప్లాస్టిక్ సిమెంట్ అతుకులకు ఈ ఉపాయం పనిచేయదు. అక్కడ రెండు ముక్కల ప్లాస్టిక్ కరిగి ఒకటైపోయి ఉంటుంది.

అచ్చు గీతలను మొదట 600 నంబరు ఉప్పుకాగితంతో, తర్వాత 1000తో తడిపి తీశాను. వాటిని తీస్తున్నప్పుడు ఫెండర్ పైనున్న పదునైన మడత గుండ్రబడిపోయే ప్రమాదం ఉంది కనుక మడతకు అటూ ఇటూ టేపు అంటించి, మధ్యనున్న గట్టును మాత్రమే అరగదీయాలి. తలుపుల గీతలను, డిక్కీ గీతను రంగుకు ముందే కాస్త లోతు చేశాను. పూత గాడి పక్కగోడల మీద ఎంత పడుతుందో అడుగునా దాదాపు అంతే పడుతుంది. లోతు లేని గాడి మొదటి రెండు పొరలకే పూడిపోయి, తర్వాత నల్ల వాష్ (గాడుల్లోకి పారించే బాగా పలచని రంగు) పోసినా గీత నిలవదు. దీనికి గాడులు గీసే ప్రత్యేకమైన స్క్రైబర్ ఉంటే మంచిదే, లేకుంటే 11వ నంబరు బ్లేడు వెన్నువైపు గాడిలో పెట్టి మెల్లగా లాగినా పని జరుగుతుంది. ఒకేసారి లోతుగా లాగితే బ్లేడు గాడి దాటి బయటికి పరుగెత్తుతుంది.

ఎరుపును ఆపడం

ఎరుపు ప్లాస్టిక్‌లో కలిపిన రంజకం పైన వేసే రంగులోని ద్రావకంలో కొంత కరుగుతుంది. తడి పొర గుండా అది పైకి పాకుతుంది, పొర ఆరాక కూడా నెమ్మదిగా కదులుతూనే ఉంటుంది. అందుకే వేసిన రోజు తెల్లగా ఉన్నది కొన్ని రోజులకు గులాబీ అవుతుంది. మీద ఇంకో తెల్ల పూత వేసినంత మాత్రాన అది ఆగదు. కొత్త ద్రావకం మళ్లీ అడుగుదాకా దిగి మరికొంత ఎరుపును లేపుతుంది. మునుపటి వ్యక్తి రంగు మందం ఎందుకు అంత పెరిగిందో దీన్నిబట్టి ఊహించవచ్చు: గులాబీ కనిపించినప్పుడల్లా ఇంకో పూత వేసి ఉంటారు.

ఆపే పొర ఏది అన్నది పుస్తకజ్ఞానంతో కాకుండా ఆ పెట్టెలోని స్ప్రూ చట్రపు (భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ముక్కల మీదే పరీక్షించాను, ఎందుకంటే ఎరుపులన్నీ ఒకేలా ప్రవర్తించవు. ఒక ముక్క మీద నేరుగా తెల్ల లాకర్ వేశాను. ఒకదాని మీద బూడిదరంగు సర్ఫేసర్ (ఉపరితలాన్ని నునుపు చేసే అడుగు పూత) వేసి ఆపైన తెలుపు వేశాను. మూడోదాని మీద సర్ఫేసర్, పలచని వెండి రంగు, ఆపైన తెలుపు. వాటిని ఫుడ్ డీహైడ్రేటర్‌లో 40 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాను. ఆ వేడి పాలీస్టైరీన్‌ను వంచదు కానీ ఎరుపు పాకడాన్ని, ద్రావకం ఆరిపోవడాన్ని రెండింటినీ త్వరపరుస్తుంది. మొదటిది త్వరలోనే గులాబీ అయింది. రెండోది పక్కన అచ్చ తెలుపు పెట్టి చూస్తేనే తెలిసేంత మారింది. మూడోది మారలేదు. వెండి రంగులోని అల్యూమినియం రేకులు పలకల్లా ఒకదానిపై ఒకటి పరుచుకుని, కింది నుంచి వచ్చే రంజకానికి దారి మూసివేయడమే దీనికి కారణం. షెల్లాక్ ఆధారిత ప్రైమరు కూడా ఈ పని బాగా చేస్తుంది, కానీ అది వెండి కన్నా మందంగా పడుతుంది కాబట్టి ఈ కేసుకు పనికిరాదనిపించింది.

సర్ఫేసర్‌గా మిస్టర్ సర్ఫేసర్ 1500ను లెవలింగ్ థిన్నర్‌తో పలచన చేసి వాడాను. ఈ వరుసలో నంబరు పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది. 500 గీతలను నింపడానికి, 1500 నునుపైన అడుగు పొరకు. ప్రతి పూతను బాడీతోపాటు పక్కనే సాక్ష్యంగా ఉంచిన ఒక ప్లాస్టిక్ షీటు పట్టీ మీద కూడా వేసి, ఆరాక మైక్రోమీటరుతో కొలిచి రాసుకున్నాను. సర్ఫేసర్ 0.02 మి.మీ., వెండి సుమారు 0.01 మి.మీ. తేలాయి. బానెట్, ఫెండర్ల మీద రంగుకు 0.05 మిగిలింది. బానెట్ అడుగున ఒక మూల వెండి వేయకుండా కావాలనే వదిలాను. పైన అంతా బాగుండి, అక్కడ మాత్రం ఎరుపు కనిపిస్తే ఆపుతున్నది వెండి పొరే అని తేలుతుంది. ఎక్కడా కనిపించకపోతే ఆ పొర అనవసరమని తేలుతుంది.

రంగు వేయడం, పారదర్శక పూత మానుకోవడం

కారు నమూనాలు చేసేవారిలో రంగు మీద పారదర్శకమైన క్లియర్ లాకర్ రెండు మూడు పూతలు వేసి, దాన్ని అద్దంలా పాలిష్ చేయడం ఇంచుమించు ఆచారంగా మారింది. ఈ కేసులో దాన్ని మానుకున్నాను. 1957 నాటి కార్లకు రంగు మీద వేరుగా క్లియర్ పూత ఉండేది కాదు. రంగు లాకర్‌నే పాలిష్ చేసి నిగారింపు తెచ్చేవారు. క్లియర్ వేసిన నమూనాలో రంగు ఒక గాజు పలక అడుగున ఉన్నట్టు లోతుగా కనిపిస్తుంది, అది ఇప్పటి కార్లకు నప్పుతుంది కానీ ఈ కారుకు నప్పదు. మందం లెక్కలో కూడా క్లియర్ వల్ల కనీసం 0.04 మి.మీ. పెరుగుతుంది, బానెట్ మళ్లీ ఇరుక్కుంటుంది. రెండు కారణాలూ ఒకే వైపు చూపుతున్నప్పుడు ఆచారాన్ని పక్కన పెట్టడానికి సందేహించనవసరం లేదు. మెటాలిక్ రంగైతే ఈ స్వేచ్ఛ ఉండదు: పాలిష్ చేస్తే పైనున్న లోహపు రేకులు గీసుకుపోయి మచ్చలు తేలతాయి, అక్కడ క్లియర్ తప్పదు.

పైకప్పును మొదట వేశాను. ఐవరీ లాంటి లేత రంగును నేరుగా వెండి మీద వేస్తే అది బూడిద ఛాయలోకి దిగుతుంది కాబట్టి మధ్యలో తెల్లని పొర ఒకటి అవసరమైంది. అక్కడ మొత్తం మందం 0.11 మి.మీ. దాకా వెళ్లింది. పైకప్పులో తెరుచుకునే భాగమేదీ లేదు, గాడులూ లేవు. బడ్జెట్‌ను దాటడానికి బాడీ మొత్తంలో అనువైన చోటు అదే. నీలంలో తెలుపు పాలు ఎక్కువ కనుక అది వెండిని సులభంగా కప్పేసింది, దానికి మధ్య పొర అక్కర్లేదు.

లార్క్‌స్పర్ బ్లూను తెలుపు, నీలం, చిటికెడు బూడిదరంగు కలిపి, అసలు రంగు నమూనా పలకతో పగటి వెలుతురులో పోల్చి సరిచేసుకున్నాను. చిన్న నమూనాల మీద రంగును కొంత తేలిక చేయాలని, దూరం నుంచి చూసే వస్తువు గాలి వల్ల వెలిసినట్టు కనిపిస్తుంది కనుక అదే సహజమని ఒక వాదన ఉంది. యుద్ధ విమానాలకు అది నిలబడవచ్చు. మెరిసే కారు మీద మాత్రం రంగు ప్రభావాన్ని దాని మీద పడే ప్రతిబింబాలే చాలావరకు నిర్ణయిస్తాయి. తేలిక చేసిన నీలం పాలిపోయినట్టే ఉంటుంది. అసలు ఛాయనే ఉంచాను.

ఎయిర్‌బ్రష్ నాజిల్ 0.3 మి.మీ., గాలి ఒత్తిడి 15 నుంచి 18 పీఎస్ఐ, రంగుకు రెండింతలు లెవలింగ్ థిన్నర్. మొదటి పొర పొడిపొడిగా, కింది వెండిని సగమే కప్పేలా. రెండోది కాస్త తడిగా. చివరిది ఉపరితలం మీద రంగు ఒక్కక్షణం పారి సమమయ్యేంత తడిగా. క్లియర్ లేదు కాబట్టి తర్వాత పాలిష్‌కు అరగదీయడానికి మిగిలేది చాలా తక్కువ. కనుక చివరి పొరే నునుపుగా పడాలి. లెవలింగ్ థిన్నర్ నెమ్మదిగా ఆరడం ఇక్కడ ఉపయోగపడుతుంది. త్వరగా ఆరే థిన్నర్‌తో రంగు బిందువులు సమమయ్యేలోపే గట్టిపడి నారింజ తొక్కలాంటి గరుకుదనం మిగులుస్తాయి. బానెట్‌ను బాడీకి దూరంగా, అదే పళ్లెంలో, అదే కలుపు రంగుతో ఒకే విడతలో వేశాను. వేరే రోజు వేసిన బానెట్ ఛాయ తేడా చూపకుండా ఉండటం అరుదు. అంచులకు ప్రత్యేకంగా గురిపెట్టలేదు, పైనుంచి వచ్చే పిచికారీలో వాటికి పడేదే చాలు. ఈ ద్రావకాల ఆవిరి వాసన గదిలో తెలుస్తోందంటే గాలి బయటికి పోవడం లేదని అర్థం; ఎగ్జాస్ట్ బూత్, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు లేకుండా లాకర్ జోలికి వెళ్లకూడదు.

రెండు రంగులు కలిసే గీత దగ్గర ఎక్కువ శ్రమ పడలేదు. ఆ కారులో అక్కడ మెరిసే లోహపు పట్టీ ఉంటుంది, నమూనాలో దాని మీదికి ఫాయిల్ (అంటించే పలచని లోహపు రేకు) వస్తుంది. ఫాయిల్ కప్పేసే గీతను వంద శాతం పదునుగా తేవడానికి గంటలు పెట్టడం వృథా.

మెరుగుపెట్టడం

ఆరిందో లేదో వాసన చెబుతుంది: ముక్కు దగ్గర పెట్టుకుంటే థిన్నర్ వాసన వస్తున్నంతకాలం పూత ఇంకా కుంచించుకుపోతూనే ఉన్నట్టు, ఈలోగా పాలిష్ చేస్తే మెరుపు కొన్నాళ్లకు మసకబారుతుంది. పదునైన మడతలన్నిటి మీదా సన్నని టేపు అంటించి, చదునైన చోట్ల మాత్రం 4000, 6000, 8000 నంబరు పాలిష్ మెత్తల్ని సబ్బునీటిలో తడిపి వాడాను, ఆ తర్వాత పాలిష్ కాంపౌండ్. మొత్తం మీద పోయింది సుమారు 0.01 మి.మీ. వర్షపు నీటిని మళ్లించే సన్నని గట్టు కింద, హెడ్‌లైట్ గూళ్ల లోపల మెత్తను దూర్చలేదు. అక్కడ రంగు కాస్త గరుకుగా ఉండిపోయింది. అసలు కారులోనూ పాలిష్ చక్రం చేరని చోట్లు అవే.

క్రోమ్, ఫాయిల్, అద్దాలు

బెల్ ఎయిర్ అంటే సగం క్రోమ్ అన్నట్టే. వెనక రెక్కల పక్కన ఉండే అల్యూమినియం పలక ఈ కారుకు గుర్తింపు చిహ్నం లాంటిది. దానికి బేర్ మెటల్ ఫాయిల్‌ను కొంచెం పెద్దదిగా కత్తిరించి, పుల్లకు చుట్టిన దూదితో గాడుల్లోకి దిగేలా నొక్కి, కొత్త బ్లేడుతో అంచు వెంట కోశాను. బ్లేడు పదును తగ్గితే ఫాయిల్ కోసుకోదు, చిరుగుతుంది. అప్పుడు బలం పెంచడం వల్ల కింది రంగు కోసుకుపోతుంది. ఇక్కడ పొదుపు చేయవలసింది బ్లేడుల మీద కాదు.

ఫెండర్ మీదున్న ఉబ్బెత్తు అక్షరాలకు వేరే పద్ధతి పాటించాను. రంగుకు ముందే, వెండి పొర తర్వాత, అక్షరాల మీద ఫాయిల్ ముక్కను నొక్కి పెట్టి, మీదుగా మిగతా చోట్లలాగే రంగు వేసి, ఆరీ ఆరకముందే థిన్నర్ తడి తగిలించి దాదాపు పిండేసిన దూదిపుల్లతో అక్షరాల తలలను మాత్రం తుడిచాను. రంగు పోయి కింది ఫాయిల్ మెరుస్తుంది, అక్షరాల మధ్య నీలం అలాగే ఉంటుంది. పూత పలచగా ఉంటేనే ఈ పని సాధ్యం. మందపు పూత కింద అక్షరాలే కనిపించవు, ఏది తుడవాలో తెలియదు.

బంపర్ల క్రోమ్ అంటే ప్లాస్టిక్ మీద లాకర్ పొర, దాని మీద శూన్యంలో ఆవిరిగా పట్టించిన అతి పలచని అల్యూమినియం. బ్లీచ్ ద్రావణంలో ఉంచితే ఆ లోహం వదిలిపోతుంది. ముందు బంపరును అలా శుభ్రం చేసి, అచ్చు గీత తీసి, మెరిసే నల్ల అడుగు పొర వేసి, దాని మీద ఎయిర్‌బ్రష్‌తో క్రోమ్ రంగు పలచగా వేశాను. వెనక బంపరు బాగానే ఉంది, దాన్ని ముట్టలేదు. పక్కపక్కన పెడితే రెండింటి మెరుపులో చిన్న తేడా తెలుస్తుంది, కానీ కారు ముందూ వెనకా ఒకే చూపులో కనపడవు.

విండ్‌షీల్డ్ మీది తెల్లని పొర ఉపరితలం మీదే ఉంటుంది కాబట్టి సన్నని మెత్తలతో, కాంపౌండ్‌తో పోయింది. అద్దాలను తిరిగి నిలపడానికి ఆరాక పారదర్శకమయ్యే తెల్ల జిగురు వాడాను, దానికి ఆవిరి ఉండదు. కిటికీల దగ్గర మరో స్కేలు సమస్య ఉంది: బాడీ ప్లాస్టిక్ మందం సుమారు 1 మి.మీ., అంటే అసలు కారులో 25 మి.మీ. మందమున్న రేకు. దాన్ని పలచన చేయడం ఇక్కడ సాధ్యం కాదు. లోపలి అంచుకు మెరుపు లేని నల్లరంగు వేస్తే రబ్బరు బీడింగ్ నీడలా కనిపించి కంటికి ఆ మందం ఆనదు.

ఇంజన్, బిగింపు

ఇంజన్ 283 క్యూబిక్ అంగుళాల వి8. దాని నారింజ రంగు బాగానే ఉన్నందున స్పార్క్ ప్లగ్ తీగలు మాత్రమే చేర్చాను. అసలు తీగ సుమారు 7 మి.మీ. మందం కనుక 0.28 మి.మీ. కావాలి, 0.3 మి.మీ. రాగి తీగ సరిపోయింది. డిస్ట్రిబ్యూటర్ ఈ ఇంజన్‌లో వెనకవైపు ఉంటుంది. జ్వలన క్రమం, అంటే సిలిండర్లకు నిప్పురవ్వ అందే వరుస, 1-8-4-3-6-5-7-2. బానెట్ తెరిచి చూసేవారిలో దీన్ని సరిచూసేవారు ఒకరిద్దరు కూడా ఉండరు, అయినా తప్పుగా పెట్టడానికి పట్టే సమయమే సరిగా పెట్టడానికీ పడుతుంది.

బాడీ ఛాసిస్ మీద కూర్చోకపోవడానికి మూలం డాష్‌బోర్డు. అది తన గూడుకన్నా పైకి అతికించి ఉండటం వల్ల లోపలి సీట్ల తొట్టి ముందువైపు కిందికి నొక్కుకుపోయి ఛాసిస్‌ను తోసేది. రంగుకు ముందే బాడీ, అద్దాలు, తొట్టి, ఛాసిస్ అన్నిటినీ జిగురు లేకుండా కలిపి చూసి డాష్‌బోర్డు ఎత్తు సరిచేశాను. చివరి బిగింపుకు ముందు ఛాసిస్‌ను గాజు పలక మీద పెట్టి నాలుగు చక్రాలూ ఆనుతున్నాయని చూశాను. ఒక చక్రం గాలిలో ఉన్న కారుకు ఎంత మంచి రంగు వేసినా అది బొమ్మలాగే ఉంటుంది.

ఫలితం

సాక్ష్యపు పట్టీ మీద నీలం భాగపు తుది మందం 0.08 మి.మీ. బానెట్ తనంత తానే దిగి కూర్చుంటుంది, సందు రెండు పక్కలా సమానంగా ఉంది, తలుపు గీతలు నల్ల వాష్‌ను పట్టుకున్నాయి. పైకప్పు ఐవరీ పక్కన కొత్తగా వేసిన ఐవరీ పట్టీ పెట్టి పోల్చితే ఇప్పటికీ తేడా కనిపించడం లేదు. బానెట్ అడుగున వెండి వేయకుండా వదిలిన మూల మాత్రం ఊదా ఛాయకు తిరిగింది. నీలంలో ఎరుపు కలిస్తే రావలసిన రంగు అదే. దాన్ని సరిచేయవద్దని, అలాగే ఉంచమని యజమానే కోరారు.

అప్పగించేటప్పుడు ఒక్క జాగ్రత్త చెప్పాను. ఈ కిట్ టైర్లు మెత్తని వినైల్‌తో చేసినవి. వినైల్‌ను మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ ఏళ్లు గడిచేకొద్దీ బయటికి వచ్చి, తగులుతున్న పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది. పాత కిట్ల పెట్టెల్లో టైరు ఆనుకున్న అద్దం మీద గుంటలు కనిపించేది అందుకే. చక్రాల అంచులకు టైరు తగిలే చోట ఫాయిల్ చుట్టాను కనుక అక్కడ ఇబ్బంది లేదు. ప్రదర్శన పెట్టె అడుగు పలక మాత్రం పాలీస్టైరీన్ కాకుండా చూసుకోవాలి, లేదా టైర్ల కింద పలచని గాజు ముక్క పెట్టాలి. యజమాని గాజునే ఎంచుకున్నారు.